వేలు ఆగే చోటు

గువ్వ చూపుడువేలు పాఠం మీద నెమ్మదిగా పాకుతూ వచ్చి ఒక వాక్యం దగ్గర ఆగింది.

"ఇదే మాస్టారూ."

"అదే," అన్నాడు మాస్టారు.

ముసలావిడ తలుపు ఎందుకు తియ్యలేదన్నది ప్రశ్న. జవాబు పాఠంలో బాగా కింద, ఎవరికీ పట్టని మూల ఉంది. చురుకైన పిల్లలు కూడా పైనే ఆగిపోయి 'వాన కురుస్తోంది కాబట్టి' అని రాసి చేతులు దులుపుకుంటారు. గువ్వ వేలు వానని దాటింది, ఉరుముని దాటింది, ఆవిడ చేతిలోని దీపాన్ని దాటింది, బయట పిలుస్తున్న గొంతు తన మనవడిది కాదని ఆవిడకి తెలిసిపోయిన చోట ఆగింది. వ్యాకరణమైనా అంతే. ఖాళీ పక్కన క్రియకి నాలుగు రూపాలిస్తే పెన్సిలు మొన నాలుగింటి మీదా తుమ్మెదలా తిరిగి, సరైనదాని మీద వాలేది.

బడిలో మాత్రం అన్నీ తప్పులే.

"ఇదేం చోద్యమండీ?" అంది కింద షాపులో దర్జీ పని చేసే తల్లి, నోట్లో గుండుసూదులు పెట్టుకునే. "మీ దగ్గర తొడిగి చూస్తే చక్కగా సరిపోతుంది. వీధిలోకి వెళ్లేసరికి కుట్లన్నీ ఊడిపోతున్నాయి."

మాస్టారు నిజానికి మాస్టారు కాదు. మందుల డబ్బాల్లో మడిచి పెట్టే కాగితాలుంటాయి కదా, చీమతలకాయలంత అక్షరాలతో, ఆ ఇంగ్లీషుని అచ్చుకి వెళ్లేముందు సరిదిద్దే పని ఆయనది. కాగితాలు ఇంటికే వస్తాయి, ఇంటినుంచే పోతాయి. ఎవరితోనూ మాట్లాడక్కర్లేదు. ఒకసారి ప్యాంటు పొడుగు తగ్గించమని ఇవ్వడానికి కిందికి దిగినప్పుడు, కత్తిరింపు బల్ల కింద కూర్చుని హోంవర్కుతో కుస్తీ పడుతున్న పిల్ల కనిపించింది. వంగి ఒక్క తప్పు దిద్దాడు. మర్నాటి సాయంత్రానికి మాస్టారైపోయాడు.

నోట్లో నాలుక లేని పిల్ల కాబట్టి తల్లి దాన్ని గువ్వ అని పిలిచేది. చెల్లెలు వేరే రకం. దాన్ని వీధి వీధంతా గడుగ్గాయి అనే అంటారు. అక్క కన్నా ఒక తరగతి కింద చదువుతోంది. పరీక్షలో గువ్వకి ఇంగ్లీషు పోయింది. సెలవుల తర్వాత మళ్లీ రాయనిస్తామన్నారు. అది కూడా పోతే అదే తరగతిలో ఇంకో ఏడాది కూర్చోవాలి. గడుగ్గాయి ఆ తరగతిలోకే వస్తుంది.

"నా బెంచీ మీద మాత్రం కూర్చోకు, ముందే చెప్తున్నా," అంది గడుగ్గాయి ఓ సాయంత్రం, మాస్టారి గుమ్మంలో నిలబడి చెప్పు కాలితో తిప్పుతూ. "అందరూ అడుగుతారు, మీరు కవలలా అని. ఏం చెప్పాలి?"

"అవునని చెప్పు," అన్నాడు మాస్టారు నవ్వించబోయి.

గువ్వ నవ్వలేదు. పెన్సిలు చివర కొరుకుతూ ఉండిపోయింది. నిద్రలో కూడా 'నేను చెల్లి పక్కన కూర్చోను' అంటోందని తల్లి చెప్పింది. ఆ పిల్లకి అంతకన్నా పెద్ద భయం ఈ లోకంలో లేదు. పెద్దవాళ్ల భయాలు ఎలాగూ దానికి తెలియవు. తెలిసినదాంట్లో ఇది అన్నిటికన్నా పెద్దది, అందుకని కొండంత ఉంది.

అసలు సంగతి మాస్టారి పన్ను వల్ల బయటపడింది.

జ్ఞానదంతం సలుపు భరించలేక పీకించుకున్నాడు. ఆ సాయంత్రానికి సగం ముఖం మొద్దుబారి, ఎవరిదో అరువు తెచ్చుకున్నట్టుంది. బుగ్గ బన్నులా ఉబ్బింది. గడ్డం కింద నుంచి నడినెత్తికి మఫ్లరు కట్టుకుని కూర్చున్నాడు.

"జ్ఞానదంతం పోతే జ్ఞానం పోతుందా మాస్టారూ?" అంది గడుగ్గాయి.

"నీ దంతాలన్నీ పీకిస్తే తెలుస్తుంది. పో కిందికి," అనబోతే నోరు తిరగలేదు. చెయ్యి విసిరాడు. అది కిలకిలా నవ్వుకుంటూ మెట్లు దిగిపోయింది.

గువ్వ పాఠం తెరిచింది. వేలు బయల్దేరింది. పైనుంచి కిందికి వచ్చింది, ఎక్కడా ఆగకుండా అడుగుకి చేరింది. మళ్లీ పైకి ఎక్కింది.

"ఇక్కడా మాస్టారూ?"

ఆయన మాట్లాడలేడు. నువ్వే చూడు అన్నట్టు చెయ్యి తిప్పాడు.

"ఇక్కడా?"

వేలు ఎక్కడ పడితే అక్కడ ఆగుతోంది, చీకట్లో స్విచ్చి కోసం గోడ తడుముకున్నట్టు. అప్పుడు చూశాడాయన మొదటిసారి, ఆ పిల్ల కళ్లు ఎక్కడున్నాయో. వేలు కాగితం మీద ఉంది, కళ్లు కాగితం మీద లేవు. ఆయన ముఖం మీద ఉన్నాయి. మఫ్లరు అంచులు వెతుకుతున్నాయి, ఉబ్బిన బుగ్గని దాటి అటువైపు ఏమైనా దొరుకుతుందేమోనని చూస్తున్నాయి. ఆ రోజు ఒక్క జవాబూ రాలేదు.

వాపు తగ్గాక ఆయనొక పని చేశాడు. చెయ్యకుండా ఉండాల్సింది, కానీ తెలుసుకోకుండా ఉండలేకపోయాడు. గువ్వ వేలు ఏ సంబంధమూ లేని ఒక వాక్యం మీదికి వచ్చినప్పుడు కావాలని ఊపిరి బిగబట్టి, గడ్డం రవ్వంత పైకెత్తాడు.

వేలు టక్కున ఆగింది. "ఇదే మాస్టారూ," అంది ఎంతో సంతోషంగా.

ఆయన పుస్తకం మూసేశాడు.

"గువ్వా, నువ్వు పాఠాన్ని చదువుతున్నావా, నన్ను చదువుతున్నావా?"

ఆ పిల్లకి అది తప్పని తెలియదు. "మీరు చూపిస్తారు కదా మాస్టారూ."

"నేనెక్కడ చూపించాను?"

"వేలు దగ్గరికి రాగానే మీ ఊపిరి ఆగుతుంది. గడ్డం ఇలా అంటారు. తప్పువాటి దగ్గరైతే రెప్పలు గబగబా కొట్టుకుంటాయి. పాఠంలో ఎవరైనా చచ్చిపోతే ముందే ముక్కు గోక్కుంటారు." కాస్త ఆలోచించి అంది, "మీ ముఖం తేలిక. పెద్దక్షరాల్లో ఉంటుంది. అమ్మది కష్టం. ఎప్పుడూ మిషను మీదికి వంచే ఉంటుంది కదా, కనపడదు."

ఏడవాలో నవ్వాలో ఆయనకి తెలియలేదు. గడ్డం గీసుకునేటప్పుడు తప్ప తన ముఖం తనకే గుర్తుండదు. అది ఒకరికి ఏదైనా చెబుతుందని, ఒకరు దాన్ని సాయంత్రమంతా కళ్లార్పకుండా చదువుతారని ఊహించలేదు. ఇన్నాళ్లూ ఈ పిల్లకి ఇంగ్లీషు వస్తోందనుకుని లోలోపల పొంగిపోయాడు. అద్దం ముందు పాఠం చెప్పి, అద్దానికి చదువొచ్చిందనుకున్నాడు. సిగ్గుపడాల్సిన విషయమే. సిగ్గుతో పాటు ఇంకేదో కూడా ఉంది, దానికి ఆయన వెంటనే పేరు పెట్టలేకపోయాడు. పెద్దక్షరాల్లో ఉంటుందట. ఆ మాటని ఆ రాత్రి అన్నం తింటూ మళ్లీ మళ్లీ అనుకున్నాడు, కొత్త చొక్కా తడుముకున్నట్టు.

తల్లితో చెప్పడానికి కిందికి దిగాడు. బడి తెరిచే రోజులు, షాపు నిండా యూనిఫారం గుడ్డ. ఆవిడ మిషను ఆపకుండానే విని, చివర తల ఎత్తింది.

"అయితే ఇంకేం. టీచరమ్మ చెప్పనే చెప్పింది, పోయినసారి చేతులు వణికి పెన్సిలు కూడా పట్టుకోలేదు, ఈసారి ఇంటివాళ్లు ఎవరైనా గదిలో కూర్చోవచ్చు అని. ఈ గుట్ట వదిలి నేను కదల్లేను. మీరే వెళ్లండి."

"అది మోసమవుతుందమ్మా."

"మోసమేంటండీ? మీరు నోరు విప్పరు, వేలు చూపించరు. ఊరికే కూర్చుంటారు. కూర్చోవడం కూడా మోసమైతే ఇక కుర్చీలెందుకు?"

"అది కాదు. దానికి రాదు. అదీ అసలు సంగతి."

మిషను ఆగింది. సూది గుడ్డలోనే ఉండిపోయింది.

"రాకపోతే మీరిన్నాళ్లూ ఏం చెప్పారు మాస్టారూ?"

కోపంగా అనలేదు. కొలత తప్పిన చొక్కాని తిరగేసి ఎక్కడ పోయిందా అని చూసేటప్పటి గొంతుతో అడిగింది. ఆయన "చూద్దాం, ఇంకా రోజులున్నాయి కదా," అని మెట్లెక్కాడు.

రోజులు ఎక్కువ లేవు. బల్లకి అడ్డంగా తాడు కట్టి తువ్వాలు ఆరేశాడు. ఇటు ఆయన, అటు గువ్వ. తువ్వాలు వెనక నుంచి ఆ పిల్ల ఊపిరి వినపడేది. కాసేపటికి ముక్కు ఎగబీల్చడం వినపడేది.

"చదువు, గువ్వా."

"చదివాను."

"ఏముంది అందులో?"

"అక్షరాలు."

ఆయన తువ్వాలు వెనక కళ్లు మూసుకున్నాడు. ఈ పిల్లకి పదాలు తెలుసు, వాక్యం ఎలా నడుస్తుందో కూడా చాలావరకు తెలుసు. పాఠంలో ఎవరూ ఉండరు, అదే వచ్చిన చిక్కు. అటువైపు మనిషి లేని చోట ఆ పిల్లకి చదవడానికి ఏమీ కనపడదు. గోడకి చెవి ఆనించి, ఎవరూ మాట్లాడటం లేదని చెబుతున్నట్టుంది.

ఎన్ని రకాలుగా చెప్పాడో. ప్రశ్నలో మాటని పాఠంలో వెతకమన్నాడు. ప్రతి వాక్యానికీ తెలుగు చెప్పుకోమన్నాడు. పాఠం బిగ్గరగా చదివి వినిపించాడు. అప్పుడు మాత్రం అన్నీ సరిగ్గా వచ్చాయి, ఎందుకంటే ఆయన గొంతులో కూడా పెద్దక్షరాలే ఉన్నాయి. చివరికి విసిగిపోయి, పాఠంలోని జాలరి పడవని ఎందుకు అమ్మేశాడన్న ప్రశ్న దగ్గర, పిచ్చి ప్రశ్న ఒకటి అడిగాడు.

"వాడి ముఖం ఎలా ఉంటుంది?"

తువ్వాలు అవతల పేజీలు తిప్పిన చప్పుడు.

"బొమ్మ లేదు మాస్టారూ."

"నేనూ కనపడట్లేదుగా. ఎలా ఉన్నానో చెప్పగలవా?"

"చెప్పగలను. నుదురు నొక్కుకుంటున్నారు."

ఆయన నుదుటి మీది చెయ్యి తీసేశాడు. "అలాగే వాడిది చెప్పు. పడవ అమ్మేటప్పుడు."

చాలాసేపటికి జవాబొచ్చింది. "కొనేవాడి వైపు చూడడు. పడవ వైపూ చూడడు. కింది పెదవి లోపలికి పెట్టుకుంటాడు." ఆగి, గొంతు తగ్గించి అంది, "వాడికి నీళ్లంటే భయమేసింది. తమ్ముడు మునిగిపోయాడు కదా పైన."

అది పాఠంలో ఎక్కడా అలా రాసి లేదు. కానీ అదే జవాబు. మాస్టారు తువ్వాలు పక్కకి లాగి చూశాడు. గువ్వ కాగితం వైపు చూస్తోంది. కాగితం వైపే.

ఆ తర్వాత కొన్ని వచ్చాయి, కొన్ని రాలేదు. వ్యాకరణం అసలు కుదరలేదు, క్రియలకి ముఖాలుండవు. అయినా పాసవడానికి పాఠం ఒక్కటి గట్టెక్కితే చాలు. ఆయన ఆ లెక్క వేసుకున్న సాయంత్రం గుండెలో ఒక దీపం వెలిగింది. దాని కింద నీడ కూడా పడింది. ఇప్పుడా పిల్ల ఆయన వైపు చూడటం తగ్గించింది. మంచిదే. ఎంతో మంచిది. ఆ మంచిని చూస్తూ కూర్చోవడం కష్టంగా ఉందన్న సంగతి ఆయన తనకి తాను కూడా చెప్పుకోలేదు.

పరీక్ష రోజు బడిలో చిన్న గది, నాలుగు బెంచీలు, ఒక కిటికీ. గువ్వతో పాటు లెక్కలు పోయిన పిల్ల ఒకతె. మాస్టారు తన కుర్చీని గోడ వైపు తిప్పుకుని, గదికి వీపు పెట్టి కూర్చున్నాడు.

"అదేంటండీ, మీకేమైనా శిక్ష వేశారా?" అంది టీచరమ్మ నవ్వుతూ.

"ఇలాగైతేనే బాగుంటుందండీ."

"మీ ఇష్టం. గువ్వా, మీ మాస్టారిని మూల కూర్చోబెట్టావే."

గువ్వకి ముందే చెప్పి ఉంచాడు. నేను గోడ వైపు ఉంటాను, నువ్వు పాఠంలోవాళ్ల ముఖాలు చూడు, నాది చూడకు అని. సరేనంది. భయంగానే అంది.

గోడకి నీలం సున్నం. ఒకచోట పెచ్చు ఊడి, కింద పాత పసుపు కనపడుతోంది. వెనక కాగితం తిప్పిన చప్పుడు. తర్వాత చాలాసేపు ఏమీ లేదు. ఆ ఏమీ లేనిదాన్ని ఆయన వీపుతో వింటూ కూర్చున్నాడు. అప్పుడు పెన్సిలు కదిలింది. గరగరా ఒక వాక్యం. ఆగింది. మళ్లీ కదిలింది, ఈసారి తొందరగా, చెప్పాల్సింది తెలిసినవాళ్లు రాసినట్టు. టీచరమ్మ చెప్పుల చప్పుడు గువ్వ బెంచీ దాకా వచ్చి, కాస్త ఆగి, వెళ్లింది.

రాస్తోంది. తనంతట తాను.

ఇక ఆయన చెయ్యాల్సింది ఏమీ లేదు, కదలకుండా ఉండటం తప్ప. ఆ ఒక్కటీ ఆయనకి చేతకాలేదు. ఎందుకు తిరిగాడో తర్వాత చాలాసార్లు విప్పి చూసుకున్నాడు. సాయం చేద్దామని కాదు. అక్కడినుంచి కాగితం కనపడదని, ఏ ప్రశ్న మీద ఉందో కూడా తనకి తెలియదని తెలుసు. ఆ ముఖం ఒక్కసారి చూద్దామని, అంతే. రాస్తున్నప్పుడు ఎలా ఉంటుందో. లేకపోతే తను అక్కడ ఉన్నాడని గుర్తు చేద్దామనా? లోపల తవ్వినకొద్దీ ఏదో ఒకటి దొరుకుతూనే ఉంటుంది, అన్నీ నిజమే అనిపిస్తాయి.

తల మాత్రమే తిప్పాడు. గువ్వ అప్పుడే తల ఎత్తింది.

ఆ పిల్ల గెలవాలి, చెల్లి పక్కన కూర్చోకూడదు, రాసినవి సరిగ్గా ఉండాలి, ఒకవేళ ఉండకపోతే. ఇదంతా తన ముఖం మీదికి ఎక్కుతోందని ఆయనకి తెలుస్తూనే ఉంది. రెప్పలు ఆపుదామనుకున్నాడు. ఆపాలనుకునేసరికి ఇంకా గబగబా కొట్టుకున్నాయి.

గువ్వ వేలు కాగితం మీదికి వెళ్లింది. మొదటి జవాబు మీద ఆగింది. కళ్లు ఆయన మీద. వేలు రెండోదాని మీదికి జరిగింది. కళ్లు ఆయన మీదే. ఆయన వద్దని తల ఊపాడు, నన్ను చూడకు అని చెప్పాలని. ఊపిన తర్వాత అర్థమైంది అదెలా కనపడుతుందో. గభాలున గోడ వైపు తిరిగిపోయాడు.

వెనక రబ్బరు చప్పుడు మొదలైంది.

గోడ వైపు చూస్తూ ఆయన ఆ చప్పుడంతా విన్నాడు. లేచి అరవచ్చు, చెరపకు అని. అరిస్తే పరీక్ష ఆపేస్తారు. తిరిగి నవ్వు ముఖం పెట్టవచ్చు. కానీ తప్పు రాసినదాన్ని కూడా ఉంచేస్తుందేమో, ఏది తప్పో ఏది ఒప్పో తనకి మాత్రం ఏం తెలుసు? చేతులు మోకాళ్ల మీద ఉన్నాయి. అవి అక్కడే ఉన్నాయి.

కాగితాలు తీసుకున్నాక టీచరమ్మ వరండాలో ఆయనతో అంది, "ఏంటండీ ఈ పిల్ల? నేను దగ్గరికెళ్లి చూశాను కదా. తండ్రి కూతుర్ని బస్సెక్కించి, బస్సు కదలకముందే ఎందుకు వెళ్లిపోయాడు అని ప్రశ్న. కూతురు తన ముఖం చూడకూడదని, అని రాసింది. అంత బాగా పెద్ద పిల్లలు కూడా రాయరు. ఆశ్చర్యపోయాను. తీరా తీసుకునేటప్పుడు చూస్తే అది చెరిపేసి, ఆయనకి పనుంది కాబట్టి, అని ఉంది. మిగతావీ అలాగే మార్చేసింది. ఎవరో చెవిలో చెప్పినట్టు."

"మొదట రాసినవి లెక్కలోకి తీసుకోరా?" అన్నాడు.

"చెరిపేసినవి ఎలా తీసుకుంటానండీ? నా చేతుల్లో ఏముంది?"

ఆయనకి ఆవిడ మీద కోపం రాలేదు. అదే మాట తను కూడా రాస్తూ ఉండేవాడు, తను దిద్దిన మందుల కాగితంలో తప్పెలా మిగిలిందని కంపెనీవాళ్లు చీటీ పంపినప్పుడు.

ఫలితం తెలిశాక గువ్వ రెండు రోజులు పైకి రాలేదు. మూడో రోజు తల్లి ఇద్దర్నీ తోలుకొచ్చింది.

"ఒకటే పుస్తకం, ఒకటే హోంవర్కు. ఇద్దరికీ కలిపే చెప్పేయండి, మీకూ పని తగ్గుతుంది," అంది. నిష్ఠూరమేమీ లేదు ఆ గొంతులో. అది లేకపోవడమే ఆయన తట్టుకోలేకపోయాడు.

"అమ్మా, నేనింక చెప్పకపోతేనే..."

"అలా అనకండి. మీరు తప్ప దానికెవరున్నారు?" అనేసి దిగిపోయింది. కింద మిషను మొదలైంది.

ఇద్దరూ బల్లకి అటువైపు కూర్చున్నారు. గడుగ్గాయి పాఠం గడగడా చదివేసి, మొదటి మూడు ప్రశ్నలకీ తప్పు జవాబులు ధైర్యంగా రాసి పారేసింది. గువ్వ రాయలేదు.

"మాస్టారూ."

"ఊఁ."

"ఆ రోజు మీరు తిరిగి చూశారు కదా. నేను తప్పు రాశాననే కదా భయపడ్డారు?"

"కాదు గువ్వా. నువ్వు సరిగ్గానే రాశావు. అన్నీ. తప్పు రాస్తావేమోనని భయపడ్డాను, అంతే."

ఆ పిల్ల ఆ మాటని కాసేపు అటూ ఇటూ తిప్పి చూసింది.

"రెండూ ఒకేలా ఉంటాయి మాస్టారూ," అంది.

"అక్కా, తొందరగా రాయవే," అంది గడుగ్గాయి. "మన క్లాసులో ఇలా కూర్చుంటే టీచర్ బెంచీ ఎక్కిస్తుంది. నిన్ను ఎక్కిస్తే నాకూ పరువు పోతుంది."

గువ్వ వేలు పాఠం మొదటి వరస మీద పెట్టింది. ఆయన కిటికీ వైపు చూశాడు. తర్వాత పైకప్పు వైపు. తర్వాత తన చేతుల వైపు. వేలు కదలలేదు. ఆయన ఎప్పటికైనా ఇటు తిరగక తప్పదని తెలిసినట్టు, ఆ పిల్ల తొందరేమీ లేకుండా ఆయన వైపే చూస్తూ కూర్చుంది.